తువ్వాలు కింద మాట

నిన్న పత్తి మార్కెట్టు వైపు వెళ్ళాను. కొత్త పత్తి వాసన, గోనెసంచుల దుమ్ము కలిసి ముక్కుకు తగలగానే తుమ్ము వచ్చింది. ఒక మూల ఇద్దరు ముసలి వ్యాపారులు ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద తువ్వాలు కప్పుకుని బేరమాడుతున్నారు. బళ్ళారిలో మా వాళ్ళ పాత పద్ధతి అది. ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టి నొక్కి చెప్పుకుంటారు, పక్కనున్నవాడికి కూడా తెలియదు. మా నాన్న అందులో ఘటికుడు. అది చూస్తే నాకు నాన్న గుర్తుకు రావాలి. కానీ నలభై ఏళ్ళుగా తిప్పమ్మ మేడమే గుర్తుకొస్తున్నారు.

ఎనభైల మొదట్లో నేను బీఏ చదివిన కాలేజీలో ఆమె ఇంగ్లీషు లెక్చరర్. హచ్చొళ్ళి అనే పల్లెలో వరి నాట్లకు కూలికి పోయే ఇంట్లో పుట్టి, ఒంటరిగా చదువుకుని పైకొచ్చిన మనిషి. మేమేమో బజారు షావుకార్ల ఆడపిల్లలం. మొదటి రోజు ఆమె పేరు విని, యాస విని కిసుక్కున నవ్వాం. ఆమె కోప్పడలేదు. "నవ్వేది అయినంక చెప్పండమ్మా, హాజరు తీసుకుంటా. పాపం, ఇండ్లల్లో నవ్వనీరేమో" అన్నారు. ఆ మాట నిజం కాబట్టి మా నవ్వు అక్కడే ఆగిపోయింది.

మాకు పాఠంగా నాలుగు వందల ఏళ్ళ నాటి ఇంగ్లీషు ప్రేమ నాటకం ఒకటి ఉండేది. అందులో నాయిక మగవాళ్ళకు మాటకు మాట అప్పజెబుతుంది, పెళ్ళిని ఎగతాళి చేస్తుంది. బజారులో దొరికే గైడులో ఆమెను గయ్యాళి అనీ, చివరికి ప్రేమకు లొంగిందనీ రాశారు. మేం దాన్నే బట్టీ పట్టాం. మేడం గైడులన్నీ మూయించి ఒక ప్రశ్న అడిగారు. "ఆమె చెల్లెలి వరస పిల్లను పెండ్లి పందిట్లో చెడ్డదని అందరి ముందరా అవమానం చేసినారు గదా. అప్పుడు ఆ పిల్ల పక్క ఎవరు నిలబడినారు?"

"కన్నతండ్రి కూడా నమ్మలేదు మేడం. ఈమె మాత్రం అది అబద్ధమంది" అన్నాను నేను.

"ఆమెకు సాక్ష్యం ఏముండాది?"

"ఏమీ లేదు. ఆ పిల్ల ఎట్లాంటిదో తెలుసు, అంతే."

"అదే నాటకం. అంతకు ముందర ఆడిన చమత్కారమంతా సుమ్నే, ఊరికే, నాలిక నూరుకునేకి. ఈ ఒక్క మాట కోసరం నూరుకుంటాండాది. మీ నాయిన్లు తువ్వాలు కింద బేరం చేస్తారు గదా, ఈ పిల్ల ఆ తువ్వాలు తీసి పారేసి మాట్లాడింది."

ఆనాటి నుంచి ఎవరైనా జవాబు నమిలితే చాలు, "తువ్వాలు తీయమ్మా" అనేవారు. ఆదివారాలు గాంధీనగర్‌లో ఆమె అద్దె గదికి నేనూ మరో ముగ్గురూ వెళ్ళేవాళ్ళం. డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పేవారు, పైగా బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టేవారు. ఆ నాయిక మీద నేను రాసిన వ్యాసానికి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వేశారు. ఆ కాగితాలు చూసుకుని, నేనే ఆ నాయికనని మురిసిపోయాను.

అదే ఏడు కాలేజీ కమిటీ అధ్యక్షుడి మేనల్లుడు, మా క్లాసువాడే, ఆమె పరీక్షలో తప్పాడు. మార్కులు దిద్దమంటే ఆమె దిద్దలేదు. నెల తిరగకుండానే ఆమె మీద ఫిర్యాదు పుట్టింది. ఆదివారం ఇంటికొచ్చే పిల్లలకు పరీక్ష ప్రశ్నలు ముందే ఇస్తోందని. నన్ను సాక్షిగా పిలిచారు. మా నాన్న ఆ కమిటీలో సభ్యుడు. ముందురోజు భోజనాల దగ్గర, "అబద్ధం చెప్పమనేది లేదమ్మా నేను. తల దించుకుని నిలబడు, సాలు. నువ్వు నోరు తెరిస్తే రేపు నేను వాళ్ళ మధ్యన కూచునేదెట్ల?" అన్నాడు.

ప్రిన్సిపాల్ గదిలో నాన్న భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ కూర్చున్నాడు. మేడం కిటికీ దగ్గర నిలబడ్డారు. "ఆమె మీకు ప్రశ్నలు ఇచ్చిందా?" అని ప్రిన్సిపాల్ అడిగాడు. ఇవ్వలేదు సార్ అంటే అయిపోయేది. మేడం నా వైపు చూశారు. భయంగా కాదు, క్లాసులో జవాబు కోసం చూసినట్టే చూశారు. నేను తల దించుకున్నాను. నా మౌనాన్ని అవునని రాసుకున్నారు. బయట వరండాలో నా పక్కనుంచి పోతూ ఆమె ఒక్క క్షణం ఆగారు. "వ్యాసం బాగా రాసినావమ్మా. దాంట్లో మార్కులు తగ్గించనులే" అన్నారు. ఆ వారమే ఆమె ఉద్యోగం పోయింది. ఆ మచ్చతో ఇంకో కాలేజీ కూడా రానివ్వలేదు.

ఆ తర్వాత పదేళ్ళకు, నాన్న పోయాక, ధైర్యం తెచ్చుకుని హచ్చొళ్ళి వెళ్ళాను. తన తమ్ముడి ఇంటి ముందు వడ్లు ఎండబోస్తూ మేడం కనిపించారు. "ఏమ్మా, బస్సు యాడ దిగినావు? తిన్నావా?" అన్నారు. అంతే. ఒక ఎగతాళి లేదు, ఒక చురక లేదు. తిడతారనుకుని వెళ్ళినదాన్ని, తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. ఆ నాలుకను మొద్దుబార్చింది నేనేనని అప్పుడు తెలిసింది. ఏడుపు ఆగక ఆమె చెయ్యి పట్టుకుని వేళ్ళు గట్టిగా నొక్కాను. ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకున్నారు.

"ఇది మీ నాయిన బేరం. నోటితో చెప్పమ్మా."

వడ్ల దగ్గర ఆమె తమ్ముడున్నాడు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఉన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను మళ్ళీ తల దించుకున్నాను. ఆమె చాలాసేపు ఎదురు చూశారు. "బస్సుకు టైమైతాండాది, పోయిరా" అని మళ్ళీ వడ్ల మీదికి వంగారు.

ఇప్పుడు ఆమె లేరు. ఆనాడు ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నవాళ్ళెవరూ లేరు. ఆ జవాబు ఒక్కటి నా దగ్గరే ఉండిపోయింది, తీసుకునేవాళ్ళు లేక. నిన్న మార్కెట్టులో నిలబడి పైకే అన్నాను. "తిప్పమ్మ మేడం మాకు ఏ ప్రశ్నా ముందుగా ఇవ్వలేదు."

ముసలివాళ్ళిద్దరూ తలెత్తి చూశారు. ఎవరో పిచ్చిదనుకున్నారేమో, తువ్వాలు సర్దుకుని మళ్ళీ బేరంలో పడ్డారు.