ఎండకు వేయని తెరచాప

మా చిన్నాయన మస్కట్‌లో పడవలు తయారుచేసే చోట వడ్రంగి పని చేసి, ఆర్మూరుకు తిరిగొచ్చాక తన కోసం ఒక చిన్న తెరచాప పడవ చేసుకున్నాడు. ఎండాకాలం పోచంపాడు డ్యాం నీళ్లు వెనక్కి పోగానే దాన్ని ట్రాక్టర్ మీద ఇంటికి తెచ్చి వాకిట్లో బోర్లించేవాళ్లం. ఎండకు చెక్కలు విచ్చకుండా తడి గోనెసంచులు కప్పడం నా పని. నేను నీళ్లు చల్లుతుంటే ఆయన పక్కన నీడలో కూర్చుని పాత చైనా కవితల పుస్తకం తీసేవాడు. ఇంగ్లీషులో చదివి మన మాటల్లో చెప్పేవాడు.

"గీ కవులకు ఒక్కటే పని. దోస్తు పడవెక్కి పోతుంటే ఒడ్డున నిలబడి చూస్తరు. గంతే. అయినా పానం గుంజుతది."

ఒక ఏడు తెరచాప ఉతికి, కళ్లంలో ఆరబోసిన పసుపు కొమ్ముల మీద పరిచాను. పసుపు పండించే ఇంట్లో పుట్టి అంత తెలివితక్కువ పని! తెల్లటి బట్టంతా పసుపైంది. సబ్బు తీసుకుని ఉరికితే చిన్నాయన ఆపాడు.

"సబ్బు పెడితే ఎర్రగైతది. ఎండకు వదిలెయ్, అదే పోతది."

చెప్పినట్టే కొన్నాళ్లకు పోయింది. ఎండ తగలని అంచు మడతలో మాత్రం కాస్త పసుపు మిగిలింది.

చిన్నాయన పోయి మూడేళ్లయింది. ఈ ఎండాకాలం కూడా గోనెలు తడిపాను, బీటలు పూడ్చాను, రంగు వేశాను. మధ్యాహ్నాలు ఆ పుస్తకమే చదివాను. తెరచాప ఉతికి ఎండలో వేయకపోతే బూజు పడుతుందని ఆయన ఉంటే తిట్టేవాడు. తిడితే తిట్టనీ. ఉతుకుతుంటే అంచు మడతలో ఆ పసుపు ఇంకా కనిపించింది; ఇంట్లో ఫ్యాను కింద ఆరబెట్టాను.