మహానుభావుడి సీసా

మావయ్య ఇటలీ ఎర్ర వైన్‌ని మర్యాద పెట్టి పిలుస్తాడు. సీసా మీద సంవత్సరం చూడందే ఆయన నోట సంబోధన రాదు. పదేళ్ల లోపుదైతే "వీడు". ముప్ఫై దాటితే "ఈయన". ఆ పైన ఇంకో పదవి ఉంది, "మహానుభావుడు". అది వయసుని బట్టి రాదు, రుచి చూశాకే ఇస్తాడు. ఇచ్చాడంటే ఆ సీసాలో చుక్క కూడా ఇంకొకరికి దక్కదు.

"మీ నాలుకలకి ఈ మహానుభావుడు అందడర్రా!" అంటూ సీసా చంకన పెట్టుకుని వంటింట్లోకి పోతాడు. సీసా తెచ్చినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టి చూస్తుంటారు.

మేనకోడలికి తల కొట్టేసినట్టుండేది. జీవితమంతా వైన్ కొట్టులో పనిచేసిన మనిషికి ఇంత కక్కుర్తేమిటి? అలాగని పిసినారీ కాడు. బరోలో అనే పాత ఇటలీ వైన్‌ని "ఈయన" అన్నాడంటే అందరికీ పండగే. అడుగున మడ్డి కదలకుండా, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు సీసా వంచి, అందరికీ పోశాకే తను పోసుకునేవాడు.

"తొందరపడకే. ఇప్పుడే నిద్ర లేచారీయన. కాస్త గాలి పీల్చుకోనీ."

కాసేపటికి గ్లాసులోంచి ఎండు గులాబీ రేకుల వాసన వచ్చేది. నాలుక మీద ముందు వగరు, వెనకాలే సన్నని తీపి.

"ఎలా ఉన్నారు?" అనేవాడు మావయ్య.

"కులాసాగా ఉన్నారు మావయ్యా!"

అలాంటి మనిషిని, మేనకోడలితో సహా, ఒకరోజు పక్కింటి టైలరమ్మ భోజనానికి పిలిచింది. ఆవిడ భర్త పెళ్లయిన కొత్తలో ఒక ఇటలీ వైన్ సీసా కొన్నాడు. ఆనాటినుంచి మరిది ఒకటే వెక్కిరింత, "అన్నయ్యకి ఎర్రనీళ్లు అంటగట్టారు" అని. భర్త పోయాడు గానీ ఆ మాట పోలేదు.

"ఇవాళ తేలిపోవాలి అన్నయ్యగారూ. మా ఆయన మోసపోయారో లేదో మీరే చెప్పాలి," అని బంధువులందరి ముందూ సీసా పెట్టింది. చలికి పాడవుతుందని ఇన్నేళ్లూ దాన్ని పొయ్యి పక్క అలమారలోనే దాచిందట.

మావయ్య బిరడా లాగాడు. సగం పొడిగా రాలింది. గ్లాసు తిప్పాడు, వాసన చూశాడు, గుటక వేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మహానుభావుడమ్మా!"

సీసా చంకలోకి చేరింది.

మేనకోడలికి ఒళ్లు మండిపోయింది. వెనకాలే వంటింట్లోకి వెళ్లి, "సిగ్గులేదా మావయ్యా? పోయినాయన గుర్తుని కూడా మింగేస్తావా?" అంటూ గ్లాసు లాక్కుని గుక్కెడు తాగింది.

గొంతు మండే పులుపు. చెవుల్లోంచి పొగలొచ్చాయి.

"మావయ్యా! ఇదివరకటి మహానుభావులంతా..."

"అరవకే. పొయ్యి సెగకి పాడైందన్నా మాట సీసాతో ఆగదు, కొన్నవాడి మీదకి పోతుంది."

"తొట్లో పారబొయ్యొచ్చుగా?"

"ఇల్లంతా పులుపు కంపు కొడుతుందే పిచ్చిమొహమా. వచ్చి అడగరూ?"

అంతలో గుమ్మంలోకి టైలరమ్మ వచ్చింది, చేతిలో చిన్న గ్లాసుతో.

"ఒక్క చుక్క పొయ్యండి అన్నయ్యగారూ. ఆయన కొన్నది నేను రుచి చూడొద్దూ?"

మావయ్య సీసాని వెనక్కి జరిపాడు. ఆవిడ ముఖం చూస్తే మేనకోడలి గుండె తరుక్కుపోయింది. గబుక్కున సీసా అందుకుని, మిగిలిందంతా మడ్డితో సహా గటగటా తాగేసింది.

"ఏమనుకోకు పిన్నీ. ఆగలేకపోయాను."

టైలరమ్మ ఖాళీ సీసా వంక చూసింది. తర్వాత ముఖం మెల్లగా విప్పారింది. "అంత బావుందా?"

"ఇలాంటిది జన్మలో తాగలేదు పిన్నీ," అంది మేనకోడలు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆవిడ ఖాళీ గ్లాసు ఊపుకుంటూ ముందుగదిలోకి పరిగెత్తింది. "విన్నారా మరిదిగారూ? ఇద్దరూ పోటీపడి తాగేశారు! నాక్కూడా మిగల్చలేదు!"

ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. తర్వాత మరిది గొంతు వినిపించింది. "అయితే అన్నయ్య తెలిసే కొన్నాడన్నమాట."

ఆవిడ నవ్వు వంటింటిదాకా వచ్చింది. మేనకోడలు ఒక చేత్తో కడుపు, ఇంకో చేత్తో మావయ్య చెయ్యి పట్టుకుంది. ఈ మనిషి మీద ఇంత ప్రేమ ఆమెకెప్పుడూ కలగలేదు.

"ఇప్పటికి ఇలాంటివి ఎన్ని తాగావు మావయ్యా?"

"గుర్తుచెయ్యకే, మంట ఎక్కువవుతుంది," అని మావయ్య పంచదార డబ్బా వెతికి, ముందు ఆమె అరచేతిలో ఇంత పోశాడు.