సెకండ్ షిఫ్టు నుంచి లెక్కపెట్టిన నెలలు

ఇరవై తొమ్మిదేండ్లు నాకు అన్నం పెట్టిన బాయిలర్ మీద చెయ్యి పెట్టి ఒట్టేసి చెప్తున్న. ఈ కింద రాసేదాంట్ల ప్రతి అక్షరం నిజం. కాలే బాయిలర్ మీద చెయ్యి పెట్టి అబద్ధమాడుడు ఎంత కష్టమో మీరే ఆలోచించున్రి. నా ముచ్చట్లు ఎరిగినోళ్లు ఇది చదివి నవ్వుతరు. నవ్వనియ్యున్రి. ఈసారి నాకు కతలు అల్లే ఓపిక గూడ లేదు.

మాది పటాన్‌చెరు. పారిశ్రామికవాడల ఒక మందుల కంపెనీల నేను బాయిలర్ ఆపరేటర్‌ని. ఒక వారం ఫస్టు షిఫ్టు, ఒక వారం సెకండ్ షిఫ్టు, ఒక వారం నైట్. మూడు వారాలకు ఒక చుట్టు తిరిగి మళ్ల మొదటికొస్తది. మా ఇంట్ల గోడకు క్యాలెండర్ ఉంటది గని దాన్ని చూసేటోళ్లు లేరు. ఏ సంగతైనా నా షిఫ్టును పట్టే యాదికుంటది. రేకులు కురిసింది ఎప్పుడే అంటే, "నువ్వు నైట్ల ఉన్నవ్, బకెట్లన్నీ నేనే పెట్టిన" అంటది మా ఆమె. బిడ్డకు మొదటి పన్ను ఊడింది ఫస్టు షిఫ్టుల. మా అమ్మ పోయింది సెకండ్ షిఫ్టుల. గేటు పాస్ రాయించుకొని నడుమ లేచొచ్చిన.

గంత పక్కాగ రోజులు లెక్కపెట్టేటోనికి సొంత వయసు మాత్రం తెల్వదు. బడిల సారు నన్ను చూసి, బక్కగున్నా తెలివిగున్నడని మూడేండ్లు ఎక్కువేసి జూన్ ఒకటి అని రాసుకున్నడు. ఆ లెక్కన నాకు యాభై నాలుగు. మా అమ్మ ఎప్పుడు నిండిన ఏండ్లు చెప్పలే, నడుస్తున్న ఏడే చెప్పేది. గా లెక్కన యాభై రెండోది నడుస్తుంది. మా పక్కింట్ల ఒక ముసలమ్మ ఉంటది, కుట్టుమిషన్ పని చేసే ఆయన తల్లి. ఆమెను మేమంత చాచీ అంటం. చాచీ వయసును చంద్రుణ్ని పట్టి లెక్కపెడ్తది. ఆమె పన్నెండు నెలలు మన ఏడాది కన్న పదకొండు రోజులు జల్దీ అయిపోతయ్. ఆమె లెక్కన నేను ఇంకో ఏడాదిన్నర ముసలోణ్ని.

ఒకసారి కంపెనీల కొత్త మిషన్ బిగించనీకి కొరియా దేశం నుంచి ఒక ఇంజనీరు వచ్చిండు. క్యాంటీన్ల పప్పు చూసి భయపడేటోడు. ఆయన ఫోన్ల మాటలు మార్చుకుంట మార్చుకుంట చెప్పిండు, వాళ్ల పెద్దల లెక్కన బిడ్డ పుట్టంగనే ఒక ఏడు నిండినట్టేనంట. కొత్త సంవత్సరం రాంగనే అందరికీ ఒకేసారి ఇంకో ఏడు. ఆయన పుట్టింది డిసెంబర్ ఆఖరు రోజు. తెల్లారేసరికి రెండేండ్లోడు అయిండు. "రెండు రోజుల పిల్లగాడు రెండేండ్లోడా?" అని మా బిహారీ ఆపరేటర్ నోరు తెరిచిండు. నేను మాత్రం, గా దేశమోళ్లే తల్లి మోసిన నెలలకు విలువిచ్చిన్రు గదా అనుకున్న. ఎవరి లెక్కన నా వయసు ఎంతైనా గానీ, నైట్ షిఫ్టు చేసి వచ్చిన పొద్దు నా మోకాళ్లు మాత్రం అన్ని దేశాల లెక్కన డెబ్బైయే.

ఇగ అసలు సంగతి. మా బిడ్డ పెండ్లయి మాకు రెండు గల్లీల అవతలనే ఉంటది. అల్లుడు కంటైనర్ లారీ నడుపుతడు, నెలల సగం రోజులు రోడ్డు మీదనే. బిడ్డకు నెల తప్పింది, రెండోది గూడ తప్పినంక ఆశ వర్కర్ కార్డు రాయనీకి మా ఇంటికొచ్చింది. ఆఖరుసారి బయట చేరింది ఏ తారీఖున అని అడిగిందంట. బిడ్డకు తారీఖు యాదికి లేదు. ఇంట్ల గ్యాస్ అయిపోయి అమ్మ పెరట్ల కట్టెల మీద వండిన వారం, సోమవారం నాడు, నాయిన సెకండ్ షిఫ్టుల ఉన్నడని మాత్రం యాదికుంది.

నేను నైట్ చేసి వచ్చి లోపల పండుకున్న. ఎందుకడుగుతున్నరో నాకు ఎవరు చెప్పలే. ఆడోళ్ల ముచ్చట నాకెందుకు చెప్తరు? మా ఆమె బయటి నుంచి ఒర్రింది.

"ఏమయ్యా, గ్యాస్ అయిపోయిన వారం నీది సెకండ్ షిఫ్టు గదా. గది ఎన్నో తారీఖున షురూ అయింది?"

"ఎనిమిది. సోమవారం."

కండ్లు గూడ తెరవలే. గంత గట్టిగ చెప్పిన. తెల్వదు అనే మాట నా నోట్ల నుంచి రావుడు తక్కువ. ఎనిమిదైనా అయ్యుంటది, దాని తర్వాత వచ్చిన సెకండ్ షిఫ్టు ఇరవై తొమ్మిదైనా అయ్యుంటది. ముందు నోటికొచ్చింది ఎనిమిది. దాన్నే కార్డు మీద రాసుకున్నరు. అప్పటికి బిడ్డ వాంతికొచ్చి పెరట్లకు పోయింది, తారీఖు వాళ్లమ్మ నోటనే విన్నది. మొదటి స్కానింగ్ కాగితం అల్లుని లారీ క్యాబిన్ల ఎటో పోయింది. ఇగ బిడ్డకున్న ఆధారం నేను నిద్రల చెప్పిన ఎనిమిదే.

కార్డు ఒక తీరుగ నడిస్తే ఇల్లు ఒక తీరుగ నడిచింది. మా ఆమె తప్పిన నెలను పట్టి, తొమ్మిది నిండి పదోది పడాలె అంటది. దవాఖానల వారాలు లెక్కపెడ్తరు, అదిగూడ కడుపుల బిడ్డ పడకముందు రెండు వారాల నుంచే. "లేని బిడ్డకు రెండు వారాల హాజరు ఎట్ల వేస్తరు?" అని నేను అంటే, "నువ్వు డ్యూటీకి పోకముందే పంచ్ కొట్టించుకుంటవ్ గదా, గట్లనే" అని మా ఆమె నోరు మూయించింది.

చెకప్‌కు పోయే రోజు చాచీ టిఫిన్ డబ్బ పట్టుకొని గేటు కాడికొచ్చింది.

"ఏం భాయ్, అప్పుడే దవాఖానల భర్తీ చేస్తరా? నా లెక్కన ఎనిమిది చాంద్‌లే నిండినయ్. తొమ్మిదోది నడుస్తుంది."

"నీకెట్ల తెల్సు చాచీ?"

"కడుపునొప్పి అని వాము అడగనీకి నా కాడికే వచ్చింది గదా నీ బిడ్డ. అమావాస్య దగ్గరపడ్డది, ఇంక నాలుగైదు రోజులున్నది. నాకు యాదికుంది."

"నీ చంద్రునికి మబ్బులు అడ్డమొస్తయ్ చాచీ. మా కార్డుకు రావు" అన్న. బిడ్డ నవ్వింది. చాచీ డబ్బ చేతుల పెట్టి, "అచ్ఛా, మీ కార్డే కరెక్ట్" అని ఇంట్లకు పోయింది.

దవాఖానల డాక్టరమ్మ స్కానింగ్ చూసింది. కార్డు చూసింది. మళ్ల స్కానింగ్ చూసింది.

"కార్డు ప్రకారం ముప్పై తొమ్మిది వారాలు దాటాయి. బిడ్డ చూస్తే ముప్పై ఆరు వారాల బిడ్డలా ఉంది. మూడు వారాలు వెనకబడింది. ఎదుగుదల ఆగిపోయినట్టుంది. ఇంకా లోపల ఉంచడం మంచిది కాదు. రేపు పొద్దున్నే ఆపరేషన్ చేసి తీసేద్దాం. ఇంటివాళ్లు సంతకం పెట్టాలి."

బిడ్డ మొఖం తెల్లగైంది. "నేను సరిగ తినలే గదా నాయినా, గందుకేనా?" అన్నది. అల్లునికి ఫోన్ చేస్తే సోలాపూర్ దాటిన అన్నడు. "మామా, నువ్వు పెద్దోనివి, డాక్టర్ ఏం చెప్తే గదే చెయ్యున్రి, సంతకం పెట్టు" అన్నడు. లారీ చప్పుడుల వాని ఏడుపు సగమే వినబడ్డది.

వరండల బెంచీ మీద సంతకం కాగితం పట్టుకొని కూసున్న. అంతకుముందు రాత్రి పొద్దుపోయేదాక సెకండ్ షిఫ్టు చేసి ఉన్న. కండ్ల మీద ఇసుక పోసినట్టుంది. మూడు వారాలు, మూడు వారాలు అని అదే మాట తిరుగుతుంది. కొంతసేపటికి గా మాట నన్నే చూస్తున్నట్టనిపించింది. మూడు వారాలంటే నా షిఫ్టు ఒక చుట్టు.

ఇగ వెనక్కి పోయి తవ్వుడు షురూ చేసిన. కట్టెల మీద వండిన వారం నా డబ్బల కూర పొగ వాసన కొట్టేది. దాన్ని చూసి మా బిహారీ ఆపరేటర్, "ఏం అన్నా, మా ఊరి వాసన తెచ్చినవ్" అని నా కూర సగం తిని, ఊరికెళ్లి తెచ్చిన తియ్యటి అప్పాలు నాకు పెట్టిండు. వాడు ఛఠ్ పండుగకు ఊరికి పోయి ఆ నెల ఇరవై దాటినంకనే వచ్చిండు. ఎనిమిదో తారీఖున వాడు రైలే ఎక్కి ఉన్నడు. పొగ కూర తిన్నది ఎనిమిదిల కాదు, ఇరవై తొమ్మిదిల. కడుపుల బిడ్డ వెనకబడలే. దాని నెలలు దానికి సరిగ్గనే ఉన్నయ్. నేనే దాన్ని మూడు వారాలు ముందుకు నూకిన. ఇంక సంతకం పెడితే, నెలలు నిండని బిడ్డను రేపు పొద్దున కోసి బయటికి తీస్తరు.

లేచిన. సీదా డాక్టరమ్మ గదిలకు పోయిన. లైన్ల ఉన్నోళ్లు తిట్టినా ఆగలే.

"మేడం, కార్డు మీద ఉన్న తారీఖు తప్పు. గది నేను నిద్రల నోటికొచ్చింది చెప్పిన. అసలు తారీఖు ఇరవై తొమ్మిది. నా బిడ్డ తప్పు లేదు, బిడ్డ కడుపుల బిడ్డ తప్పు లేదు. తప్పు నాది" అన్న.

డాక్టరమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. బిహారీ ఆయన పండుగ, పొగ కూర, చాచీ వాము, అన్ని విన్నది. మళ్ల స్కానింగ్‌కు పంపింది. ఉమ్మనీరు బాగుంది, రక్తం నడక బాగుంది, గుండె చప్పుడు బాగుంది. "ఇప్పుడు లెక్క కుదిరింది" అని ఆపరేషన్ కాగితం పక్కకు పెట్టింది. నాలుగు రోజులకొకసారి వచ్చి చూపించుకోమన్నది. మూడు వారాలు దాటినంక ఒక పొద్దున మనుమరాలు పుట్టింది. కోత లేదు. ఏడుపు మాత్రం బాయిలర్ విజిల్ లెక్క.

ఇగ ఒట్టు సంగతి. కొరియా ఆయన ముచ్చట అల్లిన అనుకుంటున్నరు. అది నిజం. బిహారీ ఆయన అప్పాలు నిజం. చాచీ చంద్రుడు నిజం. కల్పించింది ఒక్కటే. నేను డాక్టరమ్మ గదిలకు పోలే.

బెంచీ మీది నుంచి లేచిన మాట నిజమే. లేచి గది కాడిదాక గాదు, బయట చాయ్ బండి కాడికి పోయిన. నలుగురిల నా తారీఖు తప్పంటే ఏమంటరో, బిడ్డ ఏమంటదో అని కాళ్లు ముందుకు రాలే. మా ఆమె నన్ను వెతుక్కుంట వచ్చింది. ఆమెకు మాత్రం చెప్పిన, గొంతు తగ్గించి. నా చేతుల నుంచి కాగితం గుంజుకొని లోపలికి పోయింది.

నేను కిటికీ అవతల స్కూటర్ల కాడ నిలబడి విన్న.

"నేనే తప్పు చెప్పిన మేడం. నాకు తారీఖులు తెల్వయ్, చదువుకోలే" అన్నది మా ఆమె.

"కన్నతల్లివి, ఇంత నిర్లక్ష్యమా? రేపు పొద్దున ఏమైనా అయితే ఎవరు జవాబు?" అని డాక్టరమ్మ అరిచింది. చానాసేపు అరిచింది. పొగ కూర సంగతి, పండుగ సంగతి, అన్ని మా ఆమెనే చెప్పుకుంది, తనకే యాదికొచ్చినట్టు.

నేను స్కూటర్ సీటు మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డ. ఎండకు అది కాలుతుంది. తీయలే.

బిడ్డకు ఇప్పటిదాక తెల్వదు. మొన్న మనుమరాలి పుట్టినరోజు నాడు గూడ దాన్ని ఒడిల కూసోబెట్టుకొని, "మీ అమ్మమ్మ లెక్కనే పోతే నిన్ను మూడు వారాలు ముందే పీకేటోళ్లే" అని నవ్వింది. అల్లుడు నవ్విండు. చాచీ గూడ నవ్వింది. మా ఆమె అందరికీ పాయసం పోసుకుంట పోయింది. నా గిన్నె కాడికొచ్చి, ఇంకో గంటె పొయ్యాల్నా అని అడిగింది.

నేను గూడ నవ్విన. అందరికన్న గట్టిగ.