దర్వాజ గాట్లు

మొన్న హైదరాబాదు పోతూ కొత్తకోట దగ్గర దాబాలో చాయ్‌కి దిగినప్పుడు, వంటాయన వానకు తడిసిన కట్టె ఒకటి పొయ్యిలోకి తోసినాడు. కట్టె చివర నీళ్లు సుయ్యిమని నురగ కక్కాయి, మాడీ మాడని తియ్యటి పొగ ఒకటి లేచింది. లారీల డీజిలు వాసనను, మిరపకాయ బజ్జీల నూనె వాసనను పక్కకు నెట్టి ఆ పొగ నా దాకా వచ్చింది. చేతిలో చాయ్ చల్లారిపోయింది. అది మా పెద్దనాయన చెక్కను వంచేటప్పటి వాసన.

మా పెద్దనాయన దానియేలు గిటార్లు చేసేవాడు. అలంపూరుకు దగ్గరగా, తుంగభద్ర ఒడ్డున, జొన్న చేలకూ మిరప తోటలకూ నడుమ ఉన్న మా ఊర్లో గిటార్లు చేసే మనిషి ఉన్నాడంటే బయటివాళ్లు నమ్మేవాళ్లు కాదు. వయసులో ఉన్నప్పుడు అందరి లాగే బెంగళూరుకు మట్టి పనికి పోయి, అక్కడ గిటార్ల కార్ఖానా ఒకదానిలో చెక్కలు మోసే పనికి కుదిరి, మోస్తూ మోస్తూ కోయడం, కోస్తూ కోస్తూ వంచడం నేర్చుకొని, పెద్దమ్మ చనిపోయినంక ఊరికి తిరిగొచ్చినాడు. గద్వాల నుంచి, వనపర్తి నుంచి, ఒక్కోసారి నాగర్‌కర్నూలు అవతల నుంచి కూడా చిన్న చిన్న చర్చిల పాటగాళ్లు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. మా అమ్మా నాయిన బెంగళూరులోనే కూలికి ఉండేవాళ్లు గనక నేను అవ్వ దగ్గర, ఆ పెద్దనాయన పంచలో, చెక్కపొట్టులో కాళ్లు దూర్చుకొని పెరిగినాను.

బొగ్గుల కుంపటిలో ఇనుప గొట్టం కాల్చి, తడిపిన పలుచని చెక్కను దాని మీద ఆనించి, పసిపిల్ల మెడ పట్టుకున్నంత మెల్లగా వంచేవాడు. అతికించిన చెక్కలు ఊడకుండా సైకిల్ ట్యూబు పీలికలతో చుట్టి చుట్టి కట్టేవాడు. కట్లు కట్టిన గిటార్లు గోడకు వరసగా ఆనుకొని ఉంటే దవాఖాన వార్డు లాగా ఉండేది మా పంచ. గిటారు పని లేని రోజుల్లో చేతులు ఊరుకోక ఇంటి సామాను చేసేవాడు. అవ్వకు ఒక కుర్చీ చేసినాడు, దాని వీపు గిటారు నడుము లాగా వంపు తిరిగి ఉండేది. పీట చేస్తే తడితే మోగేది. జొన్నలు పోసుకునే పెట్టెకు గుండ్రటి కన్నం పెడితే అవ్వ నెత్తి కొట్టుకుంది, "ఎలుకలకు దర్వాజ వెట్టినవా ర?" అని. క్రిస్మస్ ముందు ఇల్లంతా సున్నం వేసి, అరిసెలు వత్తి, సకినాలు కాల్చి గంపల్లో పోసేవాళ్లం. ఆ గంపల కింద కూడా ఆయన చేసిన చెక్క కాళ్లే.

ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం ఆ పంచలో ఉండటం నాకు భయం. ఊరంతా తలుపులు మూసుకొని పడుకున్న వేళ, ఎక్కడో కోడి అరిచినా, దూరంగా ఎవరో దగ్గినా, గోడకు తగిలించిన గిటార్లలో ఒకటి సన్నగా ఊఁ అనేది. ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. నేను ఉరికొచ్చి చెప్తే పెద్దనాయన నవ్వేవాడు.

"ఒక్కో గొంతుకు ఒక్కో తీగె చుట్టం బిడ్డా. ఆ గొంతు ఇనవడంగనే లేసి కూసుంటది. గంతే."

ఒక ఏడు వరద వచ్చింది. నది మా ఊరి మిట్ట దాకా వచ్చి ఆగింది గానీ, ఎగువన ఒడ్డున ఉన్న ఊర్లను ఊడ్చుకొని పోయింది. నీళ్లు తీసినంక చేలల్లో మోకాలి లోతు బురద, బురదలో బర్రెలు, బిందెలు, ఎవరిదో పెండ్లి ఫోటో, దూలాలు, తలుపులు. జనం ఆ చెక్కలను పొయ్యి కట్టెలకని ఏరుకొచ్చుకున్నారు. పెద్దనాయన మాత్రం ఒక పాత టేకు దర్వాజను, రెండు నిలువు చెక్కలూ పైచెక్కా విడిపోకుండా ఉన్నదాన్ని, ఎడ్లబండి మీద వేసుకొచ్చినాడు. "ఎవరన్న అడుగుతొస్తే ఇస్త" అని గోడకు ఆనించినాడు. చలికాలం పోయింది, శివరాత్రి పోయింది, ఎవరూ రాలేదు. చెదలు పడుతుందని చివరికి దానితో అల్మారా చేసినాడు. దర్వాజ నిలువు చెక్కలనే ముందు కాళ్లుగా నిలబెట్టి, లోపల కొక్కేలు కొట్టి, పూర్తయిన గిటార్లు అందులో తగిలించేవాడు.

ఆ చెక్కల్లో ఒకదానికి కత్తితో పెట్టిన గాట్లున్నాయి. నా నడుము ఎత్తు నుంచి మొదలై ఒకదాని మీద ఒకటి పైకి పోయినాయి. పెద్దనాయన చెక్కంతా నున్నగా చిత్రిక పట్టి, వాటి దగ్గర మాత్రం చేయి ఆపినాడు. అవి ఏందో నాకు ఎవరూ చెప్పలేదు. నేనే తెలుసుకున్నాను. ఒకరోజు వీపు ఆనించి నిలబడి చూసుకుంటే, అన్నిటికన్నా పై గాటు నా కనుబొమ్మల దగ్గరికి వచ్చింది. దాని పైన చెక్క బోడిగా ఉంది. అవ్వ చూసింది, చేతిలో చాట కింద పడేసి వచ్చి నా రెక్క పట్టి గుంజింది.

"ఆడ నిలవడకు. అది వేరే పిల్లగాని జాగ."

అప్పటి నుంచి నా బట్టలు గానీ, పలక గానీ ఆ అల్మారాలో పెట్టనిచ్చేది కాదు. దాని ముందు నుంచి పోతుంటే లోపల ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు నాకు అనిపించేది. దాగుడుమూతల్లో దాక్కున్న పిల్లలు అట్లనే ఉంటారు కదా.

ఎండలు ముదిరి బడికి సెలవులిచ్చిన దినాల్లో, ఒక మధ్యాహ్నం ఒకామె వాకిట్లోకి వచ్చింది. నెత్తి మీద కొంగు, కాళ్లకు దుమ్ము, చేతిలో నీళ్ల సీసా. పేరు ఖాజాబీ అని చెప్పింది. ఎగువ ఊరు, ఇల్లు పోయింది, ఇప్పుడు రేకుల షెడ్డులో ఉంటున్నామంది. వరద నాడు కొడుకు మస్తాన్ చేయి జారిపోయినాడని, పిల్లగాడు ఇంకా దొరకలేదని చెప్పింది. చనిపోయినాడు అనలేదు. దొరకలేదు అన్నది.

"మా దర్వాజ మీ ఇంట్ల ఉందని సంతల అన్నరు, అన్నా. ఒక్కపారి జూసి పోత."

పెద్దనాయన పక్కకు జరిగినాడు. ఆమె అల్మారా ముందుకు పోయి, గాట్లను కింది నుంచి పైకి ఒక్కొక్కటే తడుముతూ, పై గాటు మీద అరచేయి పెట్టి ఆపింది. ఏడవలేదు. అన్నానికి వేళయితే తల్లులు వాకిట్లో నిలబడి వీధి చివరకు కేక వేస్తారు చూడండి, అట్ల, కొంచెం కోపంగా, కొంచెం రాగం తీసి పిలిచింది.

"మస్తానూ!"

అల్మారాలో నుంచి బదులొచ్చింది. లోతుగా, పొడుగ్గా, నోరు తెరవకుండా ఊఁ అన్నట్టు. అది మా పంచంతా తిరిగి, నా పాదాల కింద బండలో సన్నగా వణికి, మెల్లగా ఆగిపోయింది.

"పలికిండు," అంది ఖాజాబీ మా దిక్కు తిరిగి. "ఇన్నరా? పలికిండు."

గొంతుకు తీగె చుట్టమని నాకు చెప్పిన మనిషి పక్కనే ఉన్నాడు. నేను ఆయన ముఖం చూసినాను, చెప్తాడేమోనని. పెద్దనాయన తల దించుకొని, "ఇన్నం తల్లీ" అన్నాడు. "నీ దర్వాజ విప్పి ఇస్త, బండి మీద పంపిస్త" అని కూడా అన్నాడు. ఆమె వద్దంది. రేకుల షెడ్డుకు దర్వాజ ఎక్కడ పెట్టుకోను అంది. అప్పుడు నన్ను చూసింది.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?"

చెప్పినాను. మస్తాన్‌ది కూడా అదే తరగతి. ప్రతి ఏడు సెలవులిచ్చిన నాడు కొడుకును దర్వాజకు నిలబెట్టి ఎత్తు గాటు పెట్టేదట. ఈ ఏడు గాటు పెట్టలేదు, పిల్లగాడు అక్కడనే ఆగిపోయినట్టు ఉంది, ఈ పిల్లను జర నిలబెట్టుకోనిస్తారా అని అడిగింది.

అవ్వ కుర్చీలో నుంచి లేచింది. "సచ్చినోని గాట్ల మీద నా మనుమరాలిని నిలవెడతవా? దీని తల్లికి నేనేం జెప్పాలె?"

"సచ్చిండని ఎవరు జూసిర్రమ్మా?" అంది ఖాజాబీ. గొంతు పెంచలేదు.

అవ్వ మళ్లీ కుర్చీలో కూచుంది. పెద్దనాయన నన్నే చూస్తున్నాడు గానీ పొమ్మనలేదు, వద్దనలేదు. నేను నడిచిపోయి ఆ చెక్కకు వీపు ఆనించినాను. ఎందుకు పోయినానో ఇప్పటికీ తెల్వదు. బహుశా ఆమె అంత మెల్లగా అడగడం వల్ల కావచ్చు. ఖాజాబీ నా జడలోని కనకాంబరాలు తీసి నా చేతిలో పెట్టి, లేచిన వెంట్రుకలు అదిమి, పెద్దనాయన ఉలి అందుకుంది. ఇనుము నెత్తిన చల్లగా తగిలింది. గాటు పడుతుంటే నా వీపుకు ఆనిన చెక్క లోపల ఏదో చిన్నగా, సంతోషంగా కదిలినట్టయింది. అది తీగెలే కావచ్చు. "సీదాగ నిలవడు బేటా," అంది ఆమె. నాతో అన్నదో కాదో నేను అడగలేదు.

ఆ రాత్రి నాకు జరమొచ్చింది. అవ్వ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి, మోకాళ్ల మీద ప్రార్థన చేసి, పెద్దనాయనను తిట్టిపోసింది. తెల్లారేసరికి జరం దిగిపోయింది.

మరుసటి ఏడు సెలవులకు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి అల్మారా ఖాళీ. ఉన్న గిటార్లన్నీ గద్వాల చర్చివాళ్లు పట్టుకుపోయినారు, లోపల ఒక్క తీగె కూడా లేదు. పెద్దనాయన ఆ మాట ముందే చెప్పాలని వాకిట్లోకి ఎదురు పోయినాడు గానీ, ఆమెకు నీళ్ల చెంబు ఇచ్చి వెనకే వచ్చినాడు. ఆమె అరచేయి ఆనించి పిలిచింది. నేను కళ్లు మూసుకున్నాను.

ఊఁ, అని వచ్చింది.

పెద్దనాయన తలుపు తీసి చూసినాడు. కొక్కేలు, సాలెగూడు, అంతే. తలుపు మూసి, చెక్కకు చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి నా పక్కన కూచున్నాడు. ఈసారి ఏ చుట్టరికమూ చెప్పలేదు. అవ్వ మాత్రం లోపలికి పోయి ఖాజాబీకి అంబలి తెచ్చి ఇచ్చింది. ఆ ఏడు నుంచి నన్ను వద్దనలేదు. నా తల తనే దువ్వి పంపేది.

అట్ల నేను ఏటేటా మస్తాన్ లాగా పెరిగినాను. వనపర్తిలో హాస్టలుకు పోయినంక కూడా సెలవుల మొదటి రోజు ఇంటికి చేరుకునేదాన్ని. ఖాజాబీ నాకు అత్తరు పూసిన రుమాలులో ఖర్జూరాలు తెచ్చేది. మగపిల్లల చొక్కా ఒకటి తెచ్చి, ఇవ్వలేక తిరిగి సంచిలో పెట్టుకున్న ఏడు కూడా ఉంది. నేను చూసినట్టు ఆమెకు తెల్వదు.

చివరి ఏడు ఉలి పట్టుకొని నా నెత్తి మీద చేయి పెట్టిన ఆమె కదలలేదు. పోయిన ఏటి గాటు, ఈ ఏటి నా ఎత్తు ఒక్కటే. నేను పెరగడం ఆగిపోయింది. ఆమె వేలితో ఆ గాటును అటూ ఇటూ రుద్దింది. భయపడతదేమో, ఏడుస్తదేమో అనుకున్నాను.

"పెద్దోడయిండు," అంది. "పెద్దోళ్లు తల్లి పిలిస్తె వస్తరా ఇగ? ఏడనో పని జూసుకుంటుంటడు."

ఆ రోజు ఆమె పిలవలేదు. ఉలి పెద్దనాయనకు ఇచ్చి, అవ్వ ఇచ్చిన అంబలి తాగి, నా బుగ్గలు నిమిరి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. రాయచూరులో చెల్లెలి దగ్గర ఉంటుందని సంతలో ఎవరో అన్నారు.

ఇప్పుడు అవ్వ లేదు, పెద్దనాయన లేడు. చర్చిల్లో కీబోర్డులు వచ్చినాయి, ఇండ్లలోకి రేకు బీరువాలు, ప్లైవుడ్డు మంచాలు వచ్చినాయి, తడితే మోగే పీట ఏ ఇంట్లోనూ లేదు. మా ఇల్లు పడగొట్టి నాయిన స్లాబు వేయించినప్పుడు సామాను కుప్పలో నుంచి ఆ అల్మారాను ఎవరు తీసుకుపోయినారో ఎంత అడిగినా తెలియలేదు. నాకు పెండ్లయింది, గద్వాలలో ఉద్యోగం, ఒక ఆడపిల్ల.

పోయిన ఎండాకాలం ఆ పిల్లను వెంటబెట్టుకొని బస్టాండులో నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం, బస్సులు లేవు, జనం నీడలకు చేరినారు. ఎక్కడో వెనక నుంచి, ఎవరో తల్లి, కొంచెం కోపంగా, కొంచెం రాగం తీసి, "మస్తానూ!" అని కేక వేసింది.

"ఆఁ!" అన్నాను నేను.