రంగులు లేని రాట్నం

ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్లకే గుర్తులేదు. ఊరందరికీ రాట్నమ్మ. ఒకప్పుడు వినోదాల తోటలో కొయ్యగుర్రాల రంగులరాట్నం తిప్పింది కనక ఆ పేరు వచ్చింది. తెలియనివాళ్లు రత్నమ్మ అని పిలిస్తే ఊరుకునేది కాదు. "రత్నాలు కొట్లో దొరుకుతాయి. రాట్నమ్మ దొరుకుతుందా?" అని కసిరేది.

ఆ తోట మూతపడింది. జనం కొత్త మోజుల వెంట పోయారు, ఇనుము తుప్పుపట్టి పోయింది, గుర్రాలను ఎవరో బండికెత్తుకుపోయారు. టికెట్ల గదిలో పిల్లులు కాపురం పెట్టాయి. బొమ్మరైలు పట్టాల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది. గాలి వీస్తే, రైలు ఇప్పుడే వెళ్లినట్టు ఒక పక్కకు ఒరిగి మెల్లగా లేచేది.

రాట్నమ్మ వంటింటి గడప దగ్గర చేరి, బఠాణీలు ఒలుస్తూ కునుకు తీసేది. కునుకులో చెయ్యి దానంతటదే లేని రాట్నానికి బ్రేకు కర్ర లాగేది. గింజలన్నీ నేలపాలు.

"అత్తయ్యా, మళ్లీ బ్రేకు వేశారా?" అనేది కోడలు, గింజలు ఏరుకుంటూ.

"వేశాను. నీ నోరొక్కటే ఆగలేదు."

అలా ఉండగా ఆ స్థలాన్ని అందరి పార్కుగా మారుస్తున్నారని కబురు వచ్చింది. తుప్పంతా పీకి, చెట్లు నాటి, బాటలు వేశారు. పాత గుర్తుగా ఏదైనా ఒకటి పెడతామన్నారు. రాట్నమ్మ తల దువ్వుకుని, తిన్నగా పార్కు అధికారి గదికి వెళ్లింది. ఆయన పైఊరివాడు, మర్యాదస్తుడు.

"మా రాట్నం మాకు పెట్టించు బాబూ. తిప్పడానికి నేనున్నాను."

"తప్పకుండా పెట్టిద్దామమ్మా. ఈ వయసులో తిప్పగలరా?"

"చేపపిల్లను ఈదగలవా అని అడిగినట్టుంది!"

'రంగుల' అన్న మాట ఆవిడ ముందు తగిలించలేదు. ఎప్పుడూ తగిలించేది కాదు. ఊళ్లో ఇంకో రాట్నం ఉంటే కదా!

ఆ రోజు నుంచి ఆవిడ కాళ్లు నేలకు ఆనలేదు. పని తిరిగొస్తుంది, గడప దగ్గర మూటలా పడుండడం తప్పుతుంది. ఇంకేం కావాలి మనిషికి?

పార్కు తెరిచిన సాయంత్రం అధికారి ముసుగు గుడ్డ లాగాడు. లోపల ఉన్నది నూలు వడికే రాట్నం. నున్నటి చెక్క, కొత్త వార్నిషు.

ముందుగా బట్టల కొట్టాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "అత్తా, ఇక మా కొట్టుకు నూలు నువ్వే వడికిపెట్టు!"

అధికారి గాబరాపడ్డాడు. "మీరు అడిగింది ఇదే కదమ్మా?"

ఆవిడ ఒక మాట మింగింది, ఆయన మిగిలిన మాట విన్నాడు. తప్పెవరిదనాలి? పైగా తప్పు ఒప్పుకోవడం ఆవిడ ఇంటావంటా లేదు.

"ఇదే. ఎంత బావుందో!" అంది పళ్లు బిగించి.

రాట్నం కిందున్న అరుగు మీద చతికిలబడింది. నవ్వినవాళ్లు నవ్వుకుంటూ నడకకు కదిలారు. అరుగు చుట్టూ, ఒకప్పుడు గుర్రాలు తిరిగినచోటే గుండ్రంగా కొత్త బాట వేశారు. వాలుతున్న ఎండలో ఆవిడ కళ్లు సగం మూతపడ్డాయి. రెప్పల సందున తలలు లేస్తున్నాయి, దిగుతున్నాయి, చెట్టు చాటుకు పోయి మళ్లీ వస్తున్నాయి. మధ్యలో స్తంభం దగ్గర నిలబడేది కనక, రాట్నం అంటే ఆవిడకు ఎప్పుడూ ఇంతే. వచ్చే ముఖాలు, పోయే ముఖాలు.

పొట్ట తగ్గించుకోమని వైద్యుడు తిట్టడంతో నడుస్తున్న బట్టల కొట్టాయన ఆయాసంతో ఆగిపోయాడు.

"ఏయ్! మధ్యలో ఆగితే వెనకవాళ్లు గుద్దుకోరూ?" ఆవిడ నోరు దానంతటదే లేచింది.

ఆయన ఉలిక్కిపడి కదిలాడు. ఎదురు దిక్కుగా నడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు గొంతు విని గబుక్కున వెనక్కి మళ్లారు. బాటంతా ఒక్క వాటంగా తిరగసాగింది. రాట్నమ్మ వెన్ను నిటారుగా పెట్టింది.

చీకటిపడేవేళ కోడలు వెతుక్కుంటూ వచ్చింది. "అత్తయ్యా, ఇంటికి రారా?"

"పనిలో ఉన్నాను. కనిపించడంలా?"

బట్టల కొట్టాయన చెమట తుడుచుకుంటూ అరుగు ముందుకు వచ్చాడు. ఈసారి నవ్వలేదు. "అత్తా, ఇక దిగనా?"

ఆవిడ తలెత్తి ఆయన పొట్ట వైపు ఒకసారి చూసింది.

"నేను ఆపలేదుగా."