గాజుగిన్నె కింద పుట్టగొడుగు

పెళ్ళయి మైదుకూరు దగ్గరి మా అత్తవారి ఊరికి వచ్చిన కొత్త. తొలివానలు పడ్డాయి. డోన్ నుంచి ఆడబిడ్డ, ఆమె భర్త భోజనానికి వస్తున్నారని మా అత్త పొద్దున్నే దిబ్బ పక్క గడ్డిలో మొలిచిన తెల్లటి పుట్టగొడుగులు కొంగు నిండా కోసుకొచ్చింది. పులుసు పొయ్యి మీద పెట్టి, అందులో తన వెండి ఉంగరం వేసింది. విషముంటే వెండి నల్లబడుతుందని ఆమె నమ్మకం. ఉంగరం తెల్లగానే ఉంది.

"మంచివే," అంది.

నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను. చూడటానికి ఒకేలా ఉండే పుట్టగొడుగుల్ని వేరుచేయాలంటే గొడుగు అడుగు రేకుల నుంచి రాలే పొడి రంగు కూడా చూడాలి. వండకుండా మిగిలిన ఒకదాన్ని తెల్లకాగితం మీద పెట్టి గాజుగిన్నె బోర్లించాను. పొడి రాలడానికి కొన్ని గంటలు పడుతుంది.

"అత్తా, మధ్యాహ్నం దాకా ఆగుదామా?"

"అల్లునికి ఉత్త పప్పు పెట్టమంటావా?" అంది. కాసేపు నా ముఖం చూసి పొయ్యి ఆర్పేసింది.

అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక గిన్నె ఎత్తాను. కాగితం మీద ఆకుపచ్చ పొడి. విషపు రకమే. అత్త పులుసు గుంట తీసి పూడ్చి వచ్చి, అల్లుడికి సంగటి, పప్పు వడ్డించింది.

"ఈ పొద్దుకి ఇంతే నాయనా. మా కోడలు వద్దనింది."

నా చదువే అందర్నీ కాపాడిందని ఆడబిడ్డ ఇప్పటికీ అంటుంది. కానీ రంగు కనబడింది మధ్యాహ్నం. అత్త పొయ్యి ఆర్పింది పొద్దున. అప్పటికి ఆమె దగ్గరున్నది కొత్త కోడలి మాట ఒక్కటే.

— ఒక పాఠకురాలు, కడప జిల్లా