ఒక్క అంబాసిడర్, లెక్కలేనన్ని టాక్సీలు

అరకు ప్రయాణానికి ఇంటి నుంచే కారు కిరాయికి తీసుకోవాలా, రైల్లో వెళ్లి అక్కడ టాక్సీలు మాట్లాడుకోవాలా అన్న దాని మీద మా ఇంట్లో జరిగిన చర్చ ముందు అసెంబ్లీ సమావేశాలు పిల్లలాట. నేను టాక్సీల పక్షం, మా ఆవిడా పిల్లలిద్దరూ కారు పక్షం. ప్రజాస్వామ్యం కాబట్టి ఓడిపోయాను. నిన్న మధ్యాహ్నం ఏడుగురు పట్టే తెల్లకారు ఒకటి వచ్చి మా గేటు ముందు ఆగింది. నడిపేది మా అబ్బాయేనట. ఎండకు కాగిన ఆ కారు తలుపు తీయగానే సెగతో పాటు సీట్ల వాసన, దాని అడుగున సన్నగా పెట్రోలు వాసన వచ్చి ముక్కులో దూరి, నేరుగా కడుపులోకి దిగి, అక్కడ ఎన్నో ఏళ్లుగా కునుకు తీస్తున్న ఒక పాత మంటను లేపి కూర్చోబెట్టాయి. ఆ మంట పేరు అసూయ. ఈ వయసులో నా ఒంట్లో పూర్తి ఆరోగ్యంతో ఉన్నది అదొక్కటే.

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. లైనుకు పది ఇళ్లు, ఇంటికి రెండు గదులు, గదికి ఒక కిటికీ, ప్రతి కిటికీకీ అవతలి నుంచి ఆనించిన ఒక చెవి. పొద్దుగూకేసరికి ఇంటింటి ముందూ బొగ్గు పొయ్యిలు రాజేస్తే, ఆ పొగలో ఏ గడప ఎవరిదో కళ్లకు ఆనక, పిల్లలం దొరికిన ఇంట్లో దూరి, పెట్టింది తిని, పొగ తగ్గాక ఇది మన ఇల్లు కాదే అని తెలుసుకుని బయటపడేవాళ్లం. మా నాయిన బాయిలో, అంటే బొగ్గు గనిలో, బొగ్గు ఎత్తేవాడు. డ్యూటీ నుంచి వచ్చి సబ్బు సగం అరిగేదాకా తోముకున్నా ఆయన కనురెప్పల అంచుల్లో కాటుక దిద్దినట్టు బొగ్గు మిగిలేది. సృష్టి మొత్తం మూడు షిఫ్టుల మీద నడుస్తుందని ఆయన నమ్మకం. సూర్యుడు దిగి చంద్రుడు ఎక్కడం కూడా ఆయన దృష్టిలో డ్యూటీ మార్చుకోవడమే. అమావాస్య నాడు చంద్రుడికి నాగా వేసేవాడు.

పక్క క్వార్టరు పోశన్న కాకది. ఆయనదీ నాయిన పనిచేసే బాయే. కాక కొడుకు మల్లేశ్ నా ఈడువాడు, నా ప్రాణస్నేహితుడు. అంటే వాడికి ఏది దొరికినా నాకు నిద్ర పట్టేది కాదు. వాడి గాజు గోటీలు నా గోటీల కంటే గుండ్రంగా ఉండేవి. బిళ్లంగోడులాంటి చిర్రగోనె ఆటలో వాడి దెబ్బకు చిర్ర మంచిర్యాల దాకా పోయి, అక్కడి వాళ్లు దయతలచి తిరిగి పంపితే వచ్చేది. వాడికి జ్వరం వస్తే దవాఖానలో బ్రెడ్డు, పాలు పెట్టారని విని, నేనూ జ్వరం కోసం వానాకాలమంతా తడిశాను. తుమ్మైనా రాలేదు.

ఆ ఏడు బతుకమ్మ వెళ్లింది. తంగేడు, గునుగు పూలు వాడిపోయాయి. సత్తుపిండి డబ్బాల అడుగుకు వచ్చింది. రొట్టె, బెల్లంతో చేసిన మలీద ముద్దలు మాత్రం ఇంకా గుమగుమలాడుతున్నాయి. దసరా సెలవుల్లో రెండు ఇళ్లవాళ్లమూ హైదరాబాదు పట్నం చూడాలని తీర్మానమైంది. పోశన్న కాక ఆలోచించకుండా యూసుఫ్ భాయ్ అంబాసిడర్‌ను రానుపోను మాట్లాడేశాడు. ఆ అంబాసిడర్ అంటే సామాన్యమైనది కాదు. బజారంతటికీ పెళ్లి కారు అదే, పురిటి కారూ అదే. దాని హారను వింటే గేదెలు దారి ఇచ్చేవి, మనుషులు నమస్కారం పెట్టేవారు.

మా అమ్మకు ఆ కబురు అందగానే పొయ్యి మీద పప్పు మాడింది. మనమూ కారే మాట్లాడాలని పట్టుబట్టింది. నాయిన తువ్వాల భుజాన వేసుకుని, బాయి మూతపడిన వార్త విన్నంత గంభీరంగా అడ్డంగా తల ఊపాడు.

"కారుకు డ్రైవరు ఒక్కడే ఉంటడే. మూడు షిఫ్టులూ వాడే ఎట్ల జేస్తడు? టాక్సీలైతే ఎక్కినప్పుడల్లా తాజా మనిషి. రిలీవర్ లేకుంట బాయి నడుస్తదా?"

"మనం పోయేది పట్నమా, బాయిలకా?" అంది అమ్మ.

నాయిన జేబులోంచి రైలు టికెట్లు తీసి చూపించాడు.

పోశన్న కాకవాళ్లు బయలుదేరిన పొద్దున లైను లైనంతా వాకిళ్లలోకి వచ్చింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. కాక భార్య లచ్చక్క మొహాన ఎంత పౌడరు వేసుకుందంటే, కారు కదిలాక కూడా కాసేపు ఆ తెల్లదనం గాలిలో నిలిచింది. ముందు సీట్లో, కిటికీ పక్కన మల్లేశ్. చెయ్యి ఊపితే కాస్త ఓర్చుకునేవాడిని. వాడు చెయ్యి ఊపలేదు, పెద్ద ఆఫీసరులాగా తల మాత్రం ఆడించాడు. వాళ్ల కారుకు పంక్చరు కావాలని, మనిషికి ఏమీ కాకూడదు కానీ టైరుకు మాత్రం తప్పకుండా కావాలని పోశమ్మ తల్లికి మొక్కుకున్నాను. అదే రోజు మేము సంచులు మోసుకుంటూ రామగుండం స్టేషనుకు పోతుంటే సాగనంపడానికి వచ్చింది ఒక్క కుక్క. అదీ మా కోసం కాదు, సకినాల డబ్బా కోసం.

పట్నంలో నాయిన సిద్ధాంతం విశ్వరూపం చూపింది. నాకు కావలసిందల్లా జూ పార్కులో సింహాన్ని చూడటం. మల్లేశ్ చూసి నేను చూడకపోతే లైనులో తల ఎత్తుకోలేను. చార్మినార్ దగ్గర నలుపు పసుపు టాక్సీలు వరసగా నిలబడి ఉన్నాయి. నాయిన మొదటి టాక్సీ కిటికీలోకి వంగి, డ్యూటీ ఎక్కి ఎంతసేపైందని డ్రైవరును అడిగాడు. తెల్లవారక ముందే ఎక్కానని అతను గర్వంగా చెప్పాడు. అయితే నీ షిఫ్టు ఎప్పుడో అయిపోయింది, ఇంటికి పోయి పండుకో బిడ్డా అని నాయిన రెండో టాక్సీకి నడిచాడు. రెండోవాడి కళ్లు ఎర్రగా ఉన్నాయని వద్దన్నాడు. మూడోవాడు ఆవులించాడు. నాలుగోవాడు బాగానే ఉన్నాడు కానీ, పొద్దున ఏం తిన్నావని అడిగేసరికి అతనికి ఓపిక నశించింది.

"బైఠ్తే క్యా, ఇంటర్వ్యూ లేతే, చాచా?" అన్నాడు, ఎక్కుతావా ఇంటర్వ్యూ తీసుకుంటావా అని.

సరిగ్గా అప్పుడే, ఆ జనాన్ని చీల్చుకుంటూ, పెళ్లికొడుకు గుర్రంలాగా, యూసుఫ్ భాయ్ అంబాసిడర్ మా ముందు నుంచి పోయింది. మల్లేశ్ కిటికీలోంచి సగం బయటికి వచ్చి అరిచాడు.

"అరేయ్, సింహం మస్తుందిరా! జల్ది పోండ్రి!"

ఆ క్షణాన నా గుండెలో మండిన మంటను కంపెనీవాళ్లు చూసి ఉంటే బాయికి బదులు నన్ను తవ్వుకునేవారు. చివరికి అప్పుడే డ్యూటీ ఎక్కిన ఒక ముసలాయన దొరికాడు. ఆయన బండి ఎంత తాజా డ్రైవరుతో నడిచినా నాలుగు వీధులు దాటేసరికి ఆగింది, ఇంకోటి ఎక్కాం, అదీ దారి తప్పింది, మరోటి ఎక్కాం. జూ చేరేసరికి గేటు మూస్తున్నారు. కటకటాల సందులోంచి నాకు దొరికిన దర్శనం ఒక నెమలి వెనకభాగం. లోపల ఎక్కడో సింహం గర్జించింది. అది నన్ను చూసి నవ్విందని ఇప్పటికీ నా అనుమానం.

పంక్చరు కాలేదు. అంబాసిడర్ చెక్కు చెదరకుండా తిరిగి వచ్చింది. చిర్రగోనె ఆడే చోట మల్లేశ్ రోజూ సభ పెట్టి, సింహం జూలు గురించి, కోరల గురించి, అది తనను పేరు పెట్టి పిలిచినంత పనిచేయడం గురించి చెబుతుంటే, లైను పిల్లలంతా నోళ్లు తెరిచి వింటున్నారు. ఇక ఉండబట్టలేక లేచాను.

"నువ్వు ఎక్కింది ఒక్క కారేనారా? పోయేటప్పుడు అదే, వచ్చేటప్పుడు అదే? మేం దిగినకాడల్లా కొత్త కారు ఎక్కినం. మా నాయిన నచ్చకుంటే ఎనకకు పంపిచ్చిండు."

పిల్లల మొహాలన్నీ పొద్దుతిరుగుడు పూలలా నా వైపు తిరిగాయి. నేను ఎక్కినట్టు చెప్పిన టాక్సీల సంఖ్య పొద్దుగూకేసరికి ఒక లైనుకు సరిపడా పెరిగింది. ఆ సాయంత్రం పొయ్యిల పొగలోంచి లచ్చక్క మా గడపలోకి వచ్చింది.

"మీవోడు ఏం జెప్పిండో ఏమో వదినె, టాక్సీ ఎక్కియ్యమని పోరడు అన్నం ముట్టుతలేడు."

మా అమ్మ ఆమెకు పీట వేసింది. దాచుకున్న చివరి మలీద ముద్దలు తీసి పళ్లెంలో పెట్టింది. వారంగా ముడుచుకుపోయి ఉన్న అమ్మ మొహం బోర్లించిన బతుకమ్మ తిరిగి నిలబడ్డంత అందంగా విచ్చుకుంది. ఆ రాత్రి నేను అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

మా లైను ఉన్నచోట ఇప్పుడు ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట ఉంది. పొయ్యిల పొగ లేదు, నాయిన లేడు, ఆయన నమ్మిన షిఫ్టులు టాక్సీవాళ్లకు ఎప్పుడూ లేవు. ఈ పొద్దున మేం కొత్త కాలనీలోని ఇంటి నుంచి బయలుదేరాం. ఏడు సీట్లకు నలుగురం, మిగతా మూడింట్లో సంచులు. నేను ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుని, అబ్బాయి చేత రెండుసార్లు గట్టిగా హారను కొట్టించాను. ప్రతి గేటు ముందూ ఒక కారు నిలబడి ఉంది, ఒక్క తలుపూ తెరుచుకోలేదు. చివరికి ఎదురింటాయన బయటికి వచ్చాడు. ఆశగా అద్దం దించాను. తన కారు తీయాలట, మాది కాస్త జరపమన్నాడు.

ఇక లాభం లేదని శ్రీరాంపూర్‌లో ఉన్న మల్లేశ్‌కు ఫోను చేశాను. వాడు ఇప్పుడు అక్కడే బాయిలో పనిచేస్తున్నాడు. కారు ఎంత పొడుగో, వెనక సీటుకు కూడా చల్లగాలి ఎట్లా వస్తుందో, కప్పు జరిపితే ఆకాశం ఎట్లా కనిపిస్తుందో, మేఘాలు దాదాపు ఒళ్లో పడుతున్నాయని కూడా చెప్పాను.

"మంచిగుందిరా," అన్నాడు మల్లేశ్. "ఘాట్ల పైలం. పిల్లలకు వాంతుల గోలీలు పెట్టుకున్నవా?"

పెట్టుకున్నానన్నాను. ఇంకేమైనా అంటాడేమోనని ఫోను చెవికి మరింత గట్టిగా అదుముకున్నాను. క్షేమంగా పోయి రండ్రి అని పెట్టేశాడు.

"ఏమంటున్నడు మల్లేశన్న?" అని వెనక నుంచి మా ఆవిడ అడిగింది.

"ఏమంటడు," అన్నాను అద్దం ఎక్కిస్తూ. "కుళ్లి సస్తున్నడు."